వెనక ఎడమ చక్రం పట్టేసింది, హ్యాండ్ బ్రేక్ దించినా వదలడం లేదు

పానగల్లు కట్ట (నల్గొండ):
అందరికీ నమస్తే. నాది 2013 మోడల్ చిన్న పెట్రోల్ కారు. ముందు డిస్క్, వెనక డ్రమ్, ఏబీఎస్ లేదు. నాట్ల టైంలో ఊరికీ పొలానికీ బాగా తిరిగింది. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టర్లు రోడ్డు మీద వదిలిన బురదంతా బండి కిందకే చేరింది. తర్వాత ముసురు పట్టి, హ్యాండ్ బ్రేక్ వేసిన బండి వేసినట్టే ఇంటి ముందు ఉండిపోయింది. ఇవాళ తీద్దామంటే కదలదు. క్లచ్ వదిలితే వెనక భాగం కుంగుతోంది, ఇంజిన్ ఆగిపోతోంది. కొంచెం గట్టిగా యాక్సిలరేటర్ ఇస్తే వెనక ఎడమ టైరు తిరగకుండానే సిమెంటు మీద నల్లగా గీసుకుంటూ జరిగింది.

హ్యాండ్ బ్రేక్ లివర్ పూర్తిగా కిందికి దిగుతోంది. మీటర్‌లో ఎర్ర లైటు కూడా ఆరిపోతోంది. అంటే హ్యాండ్ బ్రేక్ వదిలినట్టే కదా? తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేస్తే డ్రమ్ ఊడదీసి లైనర్లు (డ్రమ్‌ని రాసుకుని ఆపే పట్టీలు), సిలిండర్లు అన్నీ కొత్తవి వేసేద్దాం అన్నాడు. ఏం చెడిందో తెలియకుండా అన్నీ మార్చడం నాకు ఇష్టం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రివర్స్ గేర్ (దేవరకొండ):
ఇందులో టెన్షన్ పడేదేం లేదు తమ్మీ. లైనర్ తుప్పుతో డ్రమ్‌కి అంటుకుంది. రివర్స్ వేసి ఒక్క జర్క్ ఇవ్వు, టక్కున వదులుతుంది. మా దగ్గర ప్రతి వానాకాలం ఇదే కథ.

వీల్ పానా (మిర్యాలగూడ):
జర్క్ సంగతి జాగ్రత్త. మెల్లగా ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి ఊపి చూడొచ్చు, అంతవరకు తప్పు లేదు. వదలకపోతే ఈడ్చకండి. ఇప్పటి బ్రేక్ షూలకు, అంటే డ్రమ్‌ని లోపలి నుంచి నొక్కే వంపు ఇనుప ముక్కలకు, లైనర్ రివెట్లతో కాదు, ఎక్కువగా జిగురుతోనే అంటించి ఉంటుంది. తడికి ఆ జిగురు కింద కూడా తుప్పు లేచి ఉంటే లైనర్ షూ నుంచి ఊడి డ్రమ్‌లోనే ఉండిపోతుంది. ఆ ముక్క షూకీ డ్రమ్‌కీ మధ్య ఇరుక్కుంటే చక్రం ఇక ఇటూ అటూ కదలదు. నడిచే బండిలో అలా జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మీటర్‌లో లైటును నమ్మొద్దు. ఆ స్విచ్ ఉండేది లివర్ కింద. లివర్ దిగిందా లేదా అన్నదే దానికి తెలుసు, చక్రం దగ్గర ఏం జరిగిందో తెలియదు.

ఇంకో సంగతి. బ్రేక్ పట్టేసిందంటే షూని డ్రమ్‌కి అదిమి పట్టే బలం ఎక్కడో ఒక చోట నిలిచిపోయిందని అర్థం. కేబుల్ లాగి పట్టి ఉండాలి, లేదా పైపులో ఆయిల్ ప్రెషర్ నిలిచి ఉండాలి, లేదా డ్రమ్ లోపలే ఏదో ఇరుక్కుని ఉండాలి. ఒక్కోదాన్ని వదులు చేస్తూ పోతే దేనికి చక్రం తిరిగిందో అదే దొంగ. డ్రమ్‌ని ముందే సుత్తితో కొట్టి ఊడదీస్తే ఆ సాక్ష్యం మొత్తం పోతుంది. పాత సామాను కుప్ప మిగులుతుంది, కారణం మాత్రం తెలియదు.

ముందు ఇవి చెప్పండి. ముందు కుడి చక్రం ఫ్రీగా ఉందా? బ్రేక్ పెడల్ మామూలుగానే ఉందా, గట్టిగా రాయిలా ఉందా? ఆయిల్ డబ్బాలో లెవెల్ ఎంత?

పానగల్లు కట్ట (నల్గొండ):
ముందు రెండూ ఫ్రీ. పెడల్ ఎప్పటిలాగే ఉంది. ఆయిల్ రెండు గీతల మధ్య ఉంది, రంగు మాత్రం టీ డికాషన్‌లా నల్లబడింది.

అన్నట్టు, మెల్లగా ముందుకూ వెనక్కీ ఊపితే టక్ అని పెద్ద శబ్దం వచ్చి చక్రం వదిలేసింది! కాలనీలో ఒక రౌండ్ వేశాను, బాగానే ఉంది.

రివర్స్ గేర్ (దేవరకొండ):
నేను చెప్పానా లేదా. థ్రెడ్ మూసేయండి.

ఎడమ కాలువ (హాలియా):
ముందు కుడి చక్రం గురించి ఎందుకు అడిగారో కొత్తవాళ్ల కోసం చెప్తాను. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో చాలావాటికి బ్రేక్ లైన్లు ఐమూలగా ఉంటాయి. వెనక ఎడమకీ ముందు కుడికీ ఒక లైను, మిగతా రెండింటికీ ఇంకో లైను. ఒక లైను లీకై ఖాళీ అయినా ఒక ముందు బ్రేక్, ఒక వెనక బ్రేక్ మిగలాలని ఈ ఏర్పాటు. కాబట్టి పెడల్ తొక్కితే ఆయిల్‌ని లైన్లలోకి నెట్టే మాస్టర్ సిలిండర్ దగ్గరే ప్రెషర్ నిలిచిపోతే వెనక ఎడమతో పాటు ముందు కుడి కూడా పట్టాలి, లేదా నాలుగూ పట్టాలి. ఒక్క వెనక చక్రమే పట్టిందంటే మాస్టర్ మీద అనుమానం దాదాపు పోయినట్టే. ఇక మిగిలేవి ఆ చక్రానికి వెళ్లే రబ్బర్ హోస్, ఆ వైపు కేబుల్, డ్రమ్ లోపలి సామాను.

చక్రం వదిలినంత మాత్రాన తుప్పు ఒక్కటే కారణం అనుకోకండి. అంటుకున్నది ఊడింది, అంతే. అంతసేపూ అదిమి పట్టింది ఏంటో ఇంకా తెలియదు. కొంత దూరం నడిపి, దిగి వెనక రెండు చక్రాల రిమ్ముల దగ్గర చేయి పెట్టి చూడండి. ముట్టుకోకుండా వేడి తెలిస్తే చాలు.

వనపర్తి వైట్ (వనపర్తి):
మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోవద్దు. నాకు రాత్రి వాన పడితే పొద్దున మొదటిసారి బ్రేక్ వేయగానే వెనక రెండు చక్రాలూ గట్టిగా పట్టి కీచుమంటాయి. రెండు మూడు బ్రేకుల తర్వాత మామూలే. ఇది కూడా ఇదేనా?

వీల్ పానా (మిర్యాలగూడ):
కాదక్కా. డ్రమ్ పోత ఇనుము, ఒక్క రాత్రి తడికే పైన పల్చగా తుప్పు పొర వస్తుంది. మొదటి బ్రేకులకే అది రాలిపోతుంది. దానికి తోడు, ముందుకు నడిచేటప్పుడు డ్రమ్ తిరిగే ఊపే ముందు షూని ఇంకా గట్టిగా లోపలికి లాక్కుంటుంది. డ్రమ్ బ్రేక్ గుణమే అది. అందుకే కొంచెం గరుకు ఉన్నా ఎక్కువ పట్టినట్టు ఉంటుంది. రెండు మూడు బ్రేకులకు పోతే వదిలేయండి. రోజంతా ఒక్క వైపే పడుతుంటే మాత్రం వీల్ సిలిండర్ (డ్రమ్ లోపల షూలను నెట్టేది) నుంచి ఆయిల్ కారి లైనర్ తడిసిందేమో చూపించండి.

పానగల్లు కట్ట (నల్గొండ):
థ్రెడ్ మూయాల్సిన పని లేదు. చెరువుగట్టు వెళ్లొచ్చాం. గుట్ట మీద వాలులో పార్క్ చేశాను కాబట్టి హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగాను. దర్శనం అయ్యాక దించితే బండి కదిలింది కానీ బరువుగా ఉంది. నల్గొండ రోడ్డెక్కాక కాలిన వాసన. ఆపి చూస్తే వెనక ఎడమ రిమ్ దగ్గర సెగ కొడుతోంది, కుడి రిమ్ చల్లగా ఉంది. కాసేపు ఆగి మెల్లగా ఇంటికి చేర్చాను. ఇప్పుడు చక్రం మళ్లీ చేత్తో తిరగడం లేదు.

ఘాట్ రోడ్డు (అచ్చంపేట):
ఆ వేడి మీద నీళ్లు పోయలేదు కదా? పోత ఇనుము పగులుతుంది. నేను శ్రీశైలం టాక్సీ నడుపుతాను. దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగేటప్పుడు గేర్ తగ్గించకుండా బ్రేక్ మీదే కాలు ఉంచి వచ్చేవాళ్లు ఆపగానే బాటిల్ నీళ్లు కుమ్మరిస్తారు. డ్రమ్ కాగి ఉన్నప్పుడు హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగడం కూడా మంచిది కాదు. వేడికి డ్రమ్ సాగి ఉంటుంది, చల్లారాక ముడుచుకుని షూలను ఇంకా బిగించి పడుతుంది. మొదటి గేర్‌లో ఉంచి టైరుకు రాయి పెట్టుకోవడం మేలు.

వీల్ పానా (మిర్యాలగూడ):
ఇప్పుడు చక్రం పట్టి ఉంది కదా, పరీక్షకు ఇదే సరైన టైం. పూర్తిగా చల్లారనివ్వండి. చదునైన చోట ఆపి గేర్‌లో పెట్టండి, ముందు టైర్లకు రెండు వైపులా రాళ్లు పెట్టండి. హ్యాండ్ బ్రేక్ దించి వెనక భాగం లేపితే బండిని పట్టుకునేది ముందు చక్రాలే. జాకీ ఒక్కదాన్నే నమ్మి చేయి పెట్టొద్దు, స్టాండు ఉండాలి.

మొదట లోపల హ్యాండ్ బ్రేక్ లివర్ దగ్గర కవర్ తీసి అడ్జస్ట్ నట్‌ని పూర్తిగా వదులు చేయండి. చక్రం తిప్పి చూడండి. తిరక్కపోతే బ్యాక్ ప్లేట్ (డ్రమ్ వెనక తిరగని పలక) వెనక ఉన్న బ్లీడింగ్ నిప్పిల్‌కి (ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) పైపు తగిలించి, పైపు రెండో కొస సీసాలో పెట్టి నిప్పిల్ అర చుట్టు వదలండి. ఆ క్షణంలో ఆయిల్ ఎలా వచ్చిందో గమనించండి. చిమ్మిందా, మెల్లగా కారిందా? ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి, లేకపోతే రంగు లేచిపోతుంది.

పాలమూరు డీజిల్ (మహబూబ్‌నగర్):
నా పందెం హోస్ మీద. మా బావ బండికి జరిగిందే చెప్తా. పైకి చూస్తే హోస్ కొత్తదానిలా ఉంది. లోపలి రబ్బరు ఉబ్బి దారి మూసుకుపోయింది. కాలుతో తొక్కితే ఆ బలానికి ఆయిల్ డ్రమ్ దాకా పోతుంది. కాలు తీస్తే తిరిగి రావడానికి అంత బలం ఉండదు. సైకిల్ ట్యూబ్ వాల్వ్ లాగా ఒక వైపే దారి అన్నమాట. నిప్పిల్ తీయగానే పిచికారీ కొట్టి చక్రం వదిలింది. ప్రెషర్ హోస్‌లోనే ఆగిందా, ఇంకా పైనా అన్నది తేల్చడానికి మళ్లీ తొక్కి పట్టించాం. ఈసారి హోస్‌కి పైన ఇనుప పైపు జాయింట్ వదులు చేశాం, చక్రం వదల్లేదు. అంటే ప్రెషర్ హోస్‌కి కింది వైపే చిక్కుకుంది.

రివర్స్ గేర్ (దేవరకొండ):
ఇదంతా చేసే బదులు డ్రమ్‌లోకి బొక్కలో నుంచి కాస్త కిరోసిన్ పోస్తే పోలా?

వీల్ పానా (మిర్యాలగూడ):
పోతుంది, బ్రేక్ పోతుంది. లైనర్ ఆయిల్ తాగితే ఆ షూ ఇక పనికిరాదు. కిరోసిన్‌కి సిలిండర్ రబ్బర్లు కూడా ఉబ్బుతాయి. బ్రేక్ ఆయిల్ డబ్బాలో పొరపాటున పవర్ స్టీరింగ్ ఆయిల్ పోసిన బండి ఒకటి మా దగ్గరికి వచ్చింది. మాస్టర్ నుంచి వెనక సిలిండర్ల దాకా ప్రతి రబ్బరూ ఉబ్బి నాలుగు చక్రాలూ పట్టేశాయి. చివరికి రబ్బరు ఉన్న ప్రతి సామానూ మార్చాల్సి వచ్చింది.

పానగల్లు కట్ట (నల్గొండ):
చేశాను. మా తమ్ముడు సాయం పట్టాడు.

నట్ చివరిదాకా వదిలాను. లివర్ దగ్గర తీగ వదులై వేలాడుతోంది. చక్రం తిరగలేదు. కాబట్టి కేబుల్ లెక్కలోంచి తీసేయొచ్చు. తర్వాత నిప్పిల్. ఆయిల్ చిమ్మలేదు, బొట్టు బొట్టుగా కారింది, అంతే. చక్రంలో మార్పు లేదు. కాబట్టి హోస్ కూడా కాదు. పాలమూరు అన్న పందెం ఓడినట్టే. ఇక లోపల లైనర్ ఊడి ఇరుక్కుందా?

ఎడమ కాలువ (హాలియా):
ఆయిల్ వైపు తేలిపోయింది, అది మంచి పని. కానీ కేబుల్‌ని అప్పుడే వదలొద్దు. మీరు చూసింది కేబుల్ ముందు కొస. అక్కడ తీగ వదులైతే వెనక కొసలో కూడా వదులైందని గ్యారంటీ లేదు. లోపలి తీగ తన తొడుగులో మధ్యలో ఎక్కడో తుప్పుతో పట్టేసి ఉంటే లాగినప్పుడు మీ చేతి బలానికి ముందుకు జరుగుతుంది. వదిలినప్పుడు దాన్ని తిరిగి లాక్కోవాల్సింది డ్రమ్‌లోని చిన్న స్ప్రింగు. దానికి అంత బలం ఎక్కడిది? ముందు తీగ వేలాడుతూనే ఉంటుంది, వెనక షూ నొక్కుకునే ఉంటుంది.

మీ కథలో దానికి గుర్తు కూడా ఉంది. కాలనీలో కాలి బ్రేక్‌తోనే తిరిగారు, ఏమీ కాలేదు. చెరువుగట్టులో హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగాకే కాలిన వాసన వచ్చింది.

బండి కింద రెండు కేబుళ్లు కలిసే పట్టీ దగ్గర బయటికి కనిపించే తీగలు ఉంటాయి. నట్ వదులుగా ఉండగానే కుడి తీగను చేత్తో ముందుకు లాగి వదలండి, ఎడమ తీగను లాగి వదలండి. తేడా చేతికే తెలుస్తుంది.

పానగల్లు కట్ట (నల్గొండ):
తేడా ఉంది! కుడి తీగ లాగితే వస్తుంది, వదలగానే చురుగ్గా లోపలికి పోతుంది. ఎడమ తీగ గట్టిగా లాగితే కొద్దిగా వచ్చి అక్కడే ఆగింది. తిరిగి పోదు, లోపలికి నెడితే వంగుతోంది.

వీల్ పానా (మిర్యాలగూడ):
ఇప్పుడు డ్రమ్ తీయండి. షూలు విచ్చుకుని ఉన్నాయి కాబట్టి సులువుగా రాదు. బ్యాక్ ప్లేట్‌కి చిన్న రబ్బర్ బిరడా ఉంటే దాన్ని తీసి, ఆ రంధ్రంలోంచి స్క్రూ డ్రైవర్‌తో అడ్జస్టర్‌ని (షూకీ డ్రమ్‌కీ మధ్య దూరం సరిచేసేది) వెనక్కి తిప్పాలి. డ్రమ్ ముఖం మీద మరలు ఉన్న రెండు చిల్లులు కనిపిస్తే అవి డ్రమ్ ఊడదీయడానికే. చాలా చిన్న కార్లకు 8 ఎంఎం బోల్టులు పడతాయి. రెండూ కొంచెం కొంచెంగా, సమంగా బిగించుకుంటూ పోతే డ్రమ్ అదే బయటికి వస్తుంది. సుత్తి వాడాల్సి వస్తే చెక్క ముక్క అడ్డం పెట్టి చుట్టూ తట్టండి, అంచు మీద కొడితే పెచ్చు ఊడుతుంది. కొన్ని మోడళ్లలో డ్రమ్‌లోనే బేరింగ్ ఉంటుంది. మీది అదైతే మధ్య నట్ విప్పాలి, తిరిగి బిగించేటప్పుడు పుస్తకంలో రాసిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించాలి.

దుమ్మును నోటితో ఊదొద్దు, ఎయిర్ కొట్టొద్దు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడి గుడ్డతో తుడవండి. డ్రమ్ బయట ఉన్నంతసేపు పెడల్ జోలికి ఎవరూ పోవద్దు, సిలిండర్ పిస్టన్లు ఎగిరి బయట పడతాయి. తమ్ముడికి ముందే చెప్పండి.

పానగల్లు కట్ట (నల్గొండ):
డ్రమ్ వచ్చింది. రంధ్రంలోంచి అడ్జస్టర్ తిప్పడానికే సగం పొద్దు పోయింది, తర్వాత బోల్టులతో సులువుగానే వచ్చింది.

లోపల లైనర్ ఊడలేదు. రెండు షూల మీదా మందం ఉంది, కానీ పైన అద్దంలా మెరుపు. డ్రమ్ లోపలి గోడ మీద అక్కడక్కడ నీలం మచ్చలు. సిలిండర్ రబ్బర్ అంచు కాస్త ఎత్తి చూశాను, పొడిగా ఉంది. వెనక షూకి ఒక ఇనుప లివర్ ఉంది కదా, కేబుల్ కొక్కెం తగిలేది, అది షూ అంచుకు ఆనుకోకుండా ముందుకు వంగి ఉంది. కొక్కెం తప్పించగానే ఠక్కున వెనక్కి పోయి ఆనుకుంది. డ్రమ్ ఊరికే తొడిగి చూస్తే చక్రం ఒక్క వేలితో తిరుగుతోంది.

కేబుల్ ఊడదీశాక కారణం కూడా కనిపించింది. వెనక యాక్సిల్ మీద కేబుల్‌ని పట్టి ఉంచే క్లిప్ దగ్గర నల్ల తొడుగు రాపిడికి చీలింది. చీలిక చుట్టూ చల్క మట్టి గట్టిపడి ఉంది. గోరుతో గీకితే లోపల స్ప్రింగు తొడుగు కనబడింది, వంచితే ఎర్ర తుప్పు పొడి రాలింది.

పాలమూరు డీజిల్ (మహబూబ్‌నగర్):
పందెం ఓడినా చదవడానికి మజా వచ్చింది. ఆ చీలికలో ఆయిల్ వేసి ఆడిస్తే ఫ్రీ అవుతుంది కదా, కొత్త కేబుల్ ఎందుకు?

ఎడమ కాలువ (హాలియా):
ఈ వారం ఫ్రీ అవుతుంది. తొడుగు చీలిక అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ వానకు మళ్లీ పడుతుంది. తుప్పు తిన్న తీగలో ఒక్కో పోగు తెగుతూ వస్తుంది. ఏదో ఒక రోజు వాలులో ఆపినప్పుడు మొత్తం తెగితే? కొత్తదే వేయాలి. క్లిప్ అంచు పదునుగా ఉంటే దాన్నీ సరిచేయాలి, లేకపోతే కొత్త తొడుగూ కోసుకుపోతుంది.

డ్రమ్ములోడు (సూర్యాపేట):
లేత్ పని చేస్తాను కాబట్టి డ్రమ్ గురించి. నీలం మచ్చలంటే అక్కడ బాగా కాగిందని అర్థం. సన్నని పగుళ్లు ఉన్నాయా అని ఎండలో తిప్పుతూ చూడు. పగులు ఉంటే టర్నింగ్ పెట్టినా లాభం లేదు, పారేయడమే. పగులు లేకపోతే లోపలి కొలత తీయించు. ఎంత అరిగే దాకా వాడొచ్చో గరిష్ఠ వ్యాసం డ్రమ్ మీదే అచ్చు పోసి ఉంటుంది. అంచు దగ్గర వేలు పెడితే మెట్టు తగులుతుందా? పెద్ద మెట్టు ఉంటే డ్రమ్ తీసేటప్పుడు షూ దానికే అడ్డం పడుతుంది. మెరుపెక్కిన లైనర్‌ని శాండ్ పేపర్‌తో గరుకు చేసి వాడేవాళ్లు ఉన్నారు. కాలిన వాసన వచ్చేదాకా కాగిన షూని నేనైతే తిరిగి వేయను. వేస్తే రెండు వైపులా కొత్తవి వేయి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది అయితే బ్రేక్ వేసినప్పుడు బండి పక్కకు గుంజుతుంది.

పానగల్లు కట్ట (నల్గొండ):
పగుళ్లు లేవు, మెట్టు చిన్నదే, కొలత హద్దులోనే ఉంది. కేబుల్ ఎడమది, షూలు రెండు వైపులా తెప్పించాను. ఆయిల్ కూడా మార్చేస్తున్నాను, డబ్బా మూత మీద డాట్ 4 అని బ్రేక్ ఆయిల్ రకం రాసి ఉంది. డాట్ 3 ఇంట్లో ఉంది, పోయొచ్చా?

వీల్ పానా (మిర్యాలగూడ):
మూత మీద ఏది ఉంటే అదే పోయండి. డాట్ 3, డాట్ 4 కలిస్తే గడ్డకట్టవు కానీ మరిగే వేడి తగ్గుతుంది. తాజా డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 3కి ఆ లెక్క 205. గాలిలో తేమ పీల్చే గుణం రెండింటికీ ఉంది. తేమ పీల్చిన డాట్ 4కి ఆ హద్దు 155కి పడిపోతుంది. మీ డికాషన్ రంగు ఆయిల్ ఎన్నేళ్ల నాటిదో గానీ, ఆ తేమే సిలిండర్‌ని లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. రెండేళ్లకోసారి మార్చుకోవడం మంచి అలవాటు.

బిగించేటప్పుడు బ్యాక్ ప్లేట్ మీద షూ అంచులు ఆనే చోట్ల మాత్రం వేడికి కరగని గ్రీజు పల్చగా రాయండి, లైనర్‌కి చేయి కూడా తగలొద్దు. తర్వాత వరస ముఖ్యం. హ్యాండ్ బ్రేక్ నట్ పూర్తిగా వదులుగా ఉంచి, డ్రమ్ తొడిగి, బ్రేక్ పైపుల్లో గాలి తీసి, కాలి బ్రేక్ చాలాసార్లు తొక్కి షూలను సెట్ కానివ్వాలి. చివరన మాత్రమే కేబుల్ నట్ బిగించాలి. చాలామంది షూ దూరమైతే కేబుల్ లాగి సరిపెడతారు. అప్పుడు లోపలి లివర్ ఆనుకోవాల్సిన చోట ఆనుకోదు, అడ్జస్టర్ పని చేయదు, కొన్నాళ్లకు పెడల్ కిందికి పోతుంది.

పానగల్లు కట్ట (నల్గొండ):
అయిపోయింది. వరసగా అలాగే చేశాను. లివర్ పుస్తకంలో రాసినన్ని క్లిక్కులకే పట్టుకుంటోంది, దించితే రెండు చక్రాలూ చేత్తో తిరుగుతున్నాయి. నకిరేకల్ దాకా వెళ్లొచ్చి రెండు రిమ్ముల దగ్గరా చేయి పెట్టి చూశాను, రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. పాత సిలిండర్లే ఉన్నాయి, లీక్ లేదు.

ఒక్కటే డౌట్. కుడి కేబుల్ తొడుగు బాగానే ఉంది, అది కూడా ఇప్పుడే మార్చాలా?

ఎడమ కాలువ (హాలియా):
చురుగ్గా లోపలికి పోతోంది అన్నారు కదా, ఉండనివ్వండి. వానాకాలం అయ్యాక క్లిప్ దగ్గర కడిగి ఒకసారి చూసుకోండి చాలు.

రివర్స్ గేర్ (దేవరకొండ):
నాది కూడా ఎడమ చక్రం పట్టింది. జర్క్ ఇచ్చినా వదల్లేదు. కేబుల్ తీగ లాగి చూడాలంటే బండి కింద దూరాలా, గుంట మీద పెట్టాలా?

వీల్ పానా (మిర్యాలగూడ):
పట్టిన చక్రాన్ని గుంట దాకా ఎలా ఈడుస్తావన్నా? ఉన్న చోటే లేపి రెండు స్టాండ్లు పెట్టు. ఫోటోలతో కొత్త థ్రెడ్ వేయి, అక్కడ చూద్దాం.